ఎవరిదీ కాని పావు మైలు

మా అమ్మాయి స్నేహితురాలొకామె ఇక్కడ అమెరికాలో, ఫ్రీమాంట్‌లో రోజూ రైలెక్కి ఆఫీస్‌కి వెళ్తుంది. మొన్న మా ఇంటికి భోజనానికి వచ్చి, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"అంకుల్, నిన్న మా ట్రెయిన్‌ని ఎంతసేపు ఆపేశారో తెలుసా? ముందు గూడ్స్ ట్రెయిన్ వెళ్లాలట. ట్రాక్ ఆ కంపెనీదట. వాళ్లదైతే మాత్రం? గవర్నమెంట్ అడగదా?"

"అడుగుతుంది," అన్నాను. "మర్యాదగా."

"మీరు అందులోనే కదా పని చేసింది?"

"అందుకే మర్యాదగా అంటున్నాను."

నవ్వింది గానీ, జవాబు రాలేదన్న సంగతి గమనించింది. పప్పు వడ్డించుకుంటూ ఇంకోసారి కూడా అడిగింది. ఆ అమ్మాయికీ, ఆ ఈడువాళ్లకీ భోజనాల బల్ల దగ్గర సరిగ్గా చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

మనవైపు నుంచి వచ్చినవాళ్లకి ఇది ఒక పట్టాన మింగుడు పడదు. మనకి రైలంటేనే ప్రభుత్వం. పట్టాలు, ఇంజను, ఆలస్యం, అన్నీ ప్రభుత్వానివే. ఇక్కడ పట్టాలకి యజమానులుంటారు. ఒక కంపెనీ పట్టాల మీద ఇంకో కంపెనీ బండి నడవాలంటే, పక్కింటివాళ్ల పెరట్లోంచి రోజూ ఆఫీసుకి వెళ్తానని అడిగినట్టు. వాళ్లు ఒప్పుకోవచ్చు. వాళ్ల కుక్క కూడా ఒప్పుకోవాలి.

నేను వాల్తేరులో ఎకనామిక్స్ ఎమ్మే చేసి, అది చాలదన్నారని ఇక్కడ ఇంకోటి చేసి, సిటిజన్‌షిప్ రాగానే వాషింగ్టన్‌లో రైలు కంపెనీల మీద అజమాయిషీ చేసే కమిషన్‌లో చేరాను. డెబ్బైల చివర. అప్పట్లో మా కమిషన్ చేతిలో చాలా అధికారం ఉండేది. టన్ను మొక్కజొన్నకి కంపెనీ ఎంత కిరాయి తీసుకోవాలో మేం చెప్పేవాళ్లం. నష్టం వస్తోంది, ఈ లైను మూసేసుకుంటాం అని వాళ్లంటే, వద్దనేవాళ్లం. ఏళ్ల తరబడి వద్దని, చివరికి కంపెనీయే మూతపడితే ఆశ్చర్యపోయేవాళ్లం. నా పని ఆ కిరాయి లెక్కలు చూడడం. రైళ్ల గురించి నాకు అన్నీ తెలుసు, రైలు తప్ప.

ఒక చలికాలం, చాలా రాష్ట్రాల్లో పట్టాలున్న ఒక పాత కంపెనీ దివాలా తీసి బళ్లు ఆపేసింది. దానికి చట్టంలో ఒక మందు ఉండేది. ఆ కంపెనీతో పోటీ పడిన కంపెనీలనే పిలిచి, "ఆ లైన్ల మీద కొన్నాళ్లు మీరు నడపండి, ఖర్చు ప్రభుత్వం ఇస్తుంది" అని కమిషన్ ఆర్డర్ వేయొచ్చు. మూతపడ్డ కొట్టుని ఎదురు కొట్టువాళ్ల చేత తెరిపించడం అన్నమాట. వాళ్లు ఎంత ఉత్సాహంగా తెరుస్తారో మీరే ఊహించుకోండి. ఎలా తెరుస్తున్నారో చూడ్డానికి ఒక్కో చోటికి ఒక్కో మనిషిని పంపారు. ఇన్‌స్పెక్టర్లు చాలలేదు. లెక్కలవాళ్లం మిగిలాం. నా నియామకం కాగితంలో నా విధి ఒక్క ముక్కలో ఉంది: పరిశీలించి తెలియజేయాలి.

నన్ను పంపింది అర్కాన్సాస్ కొండల్లోకి. అక్కడ నేలంతా రాళ్లు. పండేది తక్కువ, పెంచేది కోళ్లు. వాటి మొక్కజొన్న ఉత్తరాది నుంచి రైల్లోనే రావాలి. దివాలా కంపెనీ లైను ఆ ఊరి మీదుగా వెళ్తుంది. దాన్ని మా ఆర్డర్ రెండుగా కోసింది. ఊరికి పైన ఒక కంపెనీకి, కింద ఇంకోదానికి. పేర్లెందుకు, ఉత్తరం కంపెనీ, దక్షిణం కంపెనీ అనుకుందాం. రెండూ తరాలుగా ఒకదాని సరుకు బేరాలని ఒకటి లాక్కున్న కంపెనీలు.

ఇద్దరు సూపరింటెండెంట్లు నాకోసం ఊళ్లో ఉన్న ఒకే ఒక్క హోటల్లో ఎదురుచూస్తున్నారు, ఒకరికొకరు వీపు పెట్టి. ఉత్తరం ఆయన పొడుగ్గా, ఇస్త్రీ చేసినట్టుండేవాడు. దక్షిణం ఆయన లావుగా, ఎప్పుడూ నవ్వుతూ, ఎప్పుడూ 'యాపిల్ పై' ముక్కలు తింటూ ఉండేవాడు. ఇద్దరూ నేరుగా మాట్లాడుకోరు. నా పేరు ఇద్దరి నోటికీ పట్టలేదు. "వాషింగ్టన్" అని పిలిచేవాళ్లు.

"వాషింగ్టన్, మా బండి పొద్దున్నే వచ్చింది," అన్నాడు ఉత్తరం ఆయన. "మొక్కజొన్న. మా హద్దు దగ్గర ఆగింది. ఇక ఆయన్ని తీసుకోమనండి."

"వాషింగ్టన్, నా ఇంజన్ కూడా నా హద్దు దగ్గర ఉంది," అన్నాడు దక్షిణం ఆయన, వెనక్కి తిరక్కుండా. "ఇచ్చేవాళ్లుంటే తీసుకుంటాను."

వెళ్లి చూస్తే ఇద్దరూ నిజమే చెప్పారు. రెండు హద్దుల మధ్య పావు మైలు పట్టా ఉంది. ఆ పావు మైలులో ఒక వాగు, దాని మీద చెక్క వంతెన.

ఎలా జరిగిందో తర్వాత తెలిసింది. ఆ లైను వెనకటి కాలంలో రెండు చిన్న కంపెనీలు రెండు చివర్ల నుంచి వేసుకుంటూ వచ్చి ఇక్కడ కలిపినది. ఎవరి మైలురాళ్లు వాళ్లవి. ఒకరి ఆఖరి మైలురాయి వాగుకి ఇవతల, ఇంకొకరిది అవతల. మా ఆఫీసులో ఆర్డర్ రాసినవాళ్లు మ్యాప్ చూడలేదు, మైలురాళ్ల అంకెలు చూశారు. మాకు అదే అలవాటు. కిరాయిలన్నీ మైళ్ల మీదే గనక, దేశం మొత్తం మాకు అంకెల వరసలాగే కనిపించేది. ఆ అంకె వరకు మీది, ఈ అంకె నుంచి మీది అని రాసేశారు. మధ్యలో నేల ఉంటుందని ఎవరికీ తట్టలేదు.

"పావు మైలే కదా," అన్నాను.

"అంతే," అన్నాడు ఉత్తరం ఆయన. "ఆర్డర్ లేని చోట మా ఇంజన్ గానీ, మా మనిషి గానీ అడుగు పెడితే, ఖర్చు మీరివ్వరు. బండి పడితే ఇన్సూరెన్స్ వాళ్లివ్వరు. మా డ్రైవర్లు యూనియన్‌కి చెబుతారు. మీరొక కాగితం ఇవ్వండి, ఇప్పుడే కదులుతాను."

నా దగ్గర పరిశీలించి తెలియజేసే అధికారం మాత్రమే ఉంది. పరిశీలించాను. దక్షిణం ఆయన కూడా అదే మాట ఇంకొంచెం ఉల్లాసంగా చెప్పాడు. పక్క లోయలో వాళ్ల కంపెనీకి సొంత లైను ఉంది. ఇక్కడ మొక్కజొన్న దిగకపోతే, రోడ్లు తెరుచుకున్నాక ఈ ఊరివాళ్లు లారీలు కట్టుకుని అక్కడికి రావాల్సిందే. ఆ సంగతి ఆయన అనలేదు. 'యాపిల్ పై' ఇంకో ముక్క తెప్పించుకున్నాడు.

రోడ్లు ఎప్పుడు తెరుచుకుంటాయో ఎవరికీ తెలియదు. వర్షం పడుతూనే గడ్డకట్టి, కొండ దారి మీద గాజు పరిచినట్టుంది. ఎక్కిన లారీలు జారి పక్కన పడి ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం దాణా మిల్లు మేనేజరు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మిల్లు కోళ్ల రైతుల సహకార సంఘానిది, వాగుకి దక్షిణాన ఉంది; వ్యాగన్లలోంచి మొక్కజొన్న దించే ఏర్పాటు అక్కడొక్కచోటే. ఆవిడకి అరవై దగ్గర ఉంటాయి. మగవాళ్ల కోటు, పొట్టి జుట్టు. నన్ను తన పికప్ ట్రక్కులో ఎక్కించుకుని, నేరుగా ఒక షెడ్‌కి తీసుకెళ్లింది. అన్నీ గుడ్లు పెట్టే కోళ్లు. షెడ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే చప్పుడు, రేకు మీద వడగళ్లు పడుతున్నట్టు. ఖాళీ తొట్లని పొడుస్తున్నాయి.

"సగం దాణాతో నెట్టుకొస్తున్నాం," అంది. "అది కూడా రేపు మధ్యాహ్నం దాకానే. ఊరి చివర కోళ్ల కోత ఫ్యాక్టరీ ఉంది. సాయంత్రంలోగా చెబితే రేపు పొద్దున్న సగం కోళ్లని తీసుకుంటారు, మాంసం ధరకి. వాటికిక దాణా వేయక్కర్లేదు గనక, మిగతా సగాన్ని ఇంకో రోజైనా బతికించుకుంటాం. చెప్పకపోతే, బండి రాకపోతే, అన్నీ పోతాయి. నాకు ఆర్డర్ల సంగతి తెలియదు, వాషింగ్టన్. రైతులు నన్నడుగుతున్నారు. నేను నిన్నడుగుతున్నాను. రేపు బండి వస్తుందా, రాదా?"

"ప్రయత్నం జరుగుతోంది" అనొచ్చు. ఆ వాక్యం నాకు బాగా వచ్చు. రిపోర్టుల్లో ఎన్నిసార్లు రాశానో. కానీ ఆవిడ అడిగింది అవునో కాదో. కాదంటే సగం కోళ్లు పోతాయి, కొన్ని కుటుంబాలకి తేలిగ్గా కోలుకోలేని దెబ్బ. అవునన్నాక బండి రాకపోతే మొత్తం పోతాయి.

"వస్తుంది," అన్నాను.

ఎందుకన్నానో నాకిప్పటికీ పూర్తిగా తెలియదు. ఆ చప్పుడు ఆగాలని అనిపించి ఉండొచ్చు. ఆవిడ తలూపి, మళ్లీ అడగలేదు. రెండోసారి అడిగుంటే కొంచెం వెనక్కి తగ్గేవాణ్ణి. ఆ అవకాశం ఇవ్వలేదు.

మిల్లు ఆఫీసులోంచి వాషింగ్టన్‌కి ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. శనివారం, పైగా సోమవారం సెలవు, పైగా అక్కడ మంచు. చీపురుతో ఊడిస్తే పోయే మంచుకి ప్రభుత్వం మూతపడే ఊరది. ఈసారి చీపురుకి లొంగని మంచే పడిందట. మా బాస్ ఇంటికి చేశాను. బిజీ. మళ్లీ చేశాను. బిజీ. అరగంట పాటు అదే పని.  చివరికి మా ఇంటికి చేశాను. బాస్ ఇల్లు మాకు రెండు వీధుల అవతలే. రోజూ ఒకే కార్లో ఆఫీసుకి వెళ్లేవాళ్లం.

ఇక్కడి పావు మైలు గొడవంతా విని, "ఏమండీ, తిన్నారా?" అంది మా ఆవిడ.

"తిన్నాను. మా బాస్ ఫోన్ పక్కన పెట్టేసినట్టున్నాడు. నువ్వోసారి వాళ్లింటికి వెళ్లి ఈ నంబర్‌కి చేయమని చెప్పాలి."

"మోకాలి లోతు మంచు ఉంది ఇక్కడ."

"రెండు వీధులే కదా."

"అక్కడ పావు మైలే కదా. మీ ఇంజన్లు అడుగు వేయవు గానీ, నేను వేయాలన్నమాట."

"అంతే అనుకో."

"తినలేదు మీరు. గొంతు చెబుతోంది," అని పెట్టేసింది.

మా ఆవిడ చీర మీద నా ఓవర్‌కోటు వేసుకుని, నా బూట్లలో రెండు జతల సాక్సు కుక్కుకుని వెళ్లిందట. అమెరికా రైళ్ల చరిత్రలో ఇది ఎక్కడా రాయలేదు గనక నేను రాస్తున్నాను. గంటలో బాస్ ఫోన్ చేశాడు. ముసలి లాయరు, మాటకి మాటకి మధ్య పైపు పీల్చే మనిషి.

"మీ ఆవిడ మా వంటింట్లో కాళ్లు వెచ్చబెట్టుకుంటోంది," అన్నాడు. "చెప్పు."

చెప్పాను. చాలాసేపు పైపు చప్పుడే వినిపించింది.

"ఆర్డర్ మార్చాలంటే కమిషనర్లు ఓటెయ్యాలి. ఒకాయన ఎయిర్‌పోర్ట్‌లో ఇరుక్కున్నాడు. మిగతావాళ్లు ఇళ్లలో ఇరుక్కున్నారు. మంగళవారం దాకా కాదు. నేను ఆర్డర్ ఇవ్వలేను. నువ్వు అసలే ఇవ్వలేవు."

"మంగళవారానికి కోళ్లుండవు."

"ఆర్డర్ లేకుండా వాళ్లు చేయడానికి ఒప్పుకునేది ఏమైనా ఉందా? అడిగావా?"

అడగలేదు. మా కమిషన్‌లో అలాంటి అలవాటు లేదు. మేం ఆర్డర్లు వేసేవాళ్లం, వాళ్లు కోర్టుకి వెళ్లేవాళ్లు. అదే మా సంభాషణ.

హోటల్‌కి వెళ్లి, ఆ ఇద్దరి బల్లల మధ్య కుర్చీ వేసుకుని అడిగాను. ఉత్తరం ఆయన కాఫీలోకి చూస్తూ అన్నాడు.

"నా ఇంజన్, నా మనుషులు హద్దు దాటకుండా ఏదైనా చేస్తాను. ఖాళీ వ్యాగన్లు పక్క లైన్లో చాలా ఉన్నాయి. వాటిని ఇంజన్‌కీ మొక్కజొన్న వ్యాగన్లకీ మధ్య తగిలిస్తే, వరస పావు మైలుకంటే పొడుగవుతుంది. ఇవతల నుంచి తోస్తే మొదటి వ్యాగన్ అవతల తేలుతుంది."

"తేలితే నేను తగిలించుకుని లాగుతాను," అన్నాడు దక్షిణం ఆయన గోడతో.

ఇంజన్ పోకూడని చోటికి వ్యాగన్లని అలా తోయడం యార్డుల్లో మామూలేనట. పొద్దుట్నుంచీ ఇద్దరికీ తెలుసు. ముందు అన్నవాళ్ల నెత్తిన పడుతుందని ఇద్దరూ ఊరుకున్నారు.

"మరి ఇబ్బందేమిటి?"

"గుడ్డిగా తోయకూడదు," అన్నాడు ఉత్తరం ఆయన. "వ్యాగన్లని తోసేటప్పుడు వరస ముందు ఒక మనిషి ఉండాలి. పట్టా చూసుకుంటూ, సైగ చేస్తూ. అది ఏ కంపెనీలోనైనా రూలే. ఆ మనిషి ఆ పావు మైలులో నడవాలి. నా మనిషి నడవడు."

"నావాడూ నడవడు," అన్నాడు దక్షిణం ఆయన.

అప్పుడు, నేనొచ్చాక మొదటిసారి, ఆ ఇద్దరూ కలిసి ఒక పని చేశారు. నా బూట్ల వైపు చూశారు.

బాస్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఈసారి పైపు చప్పుడు ఇంకా ఎక్కువసేపు వినిపించింది. "నీకిచ్చిన పని పరిశీలించడం," అన్నాడు చివరికి. "ఎక్కడ నిలబడి పరిశీలించాలో ఎవరూ రాయలేదు. జారిపడకు."

ఆదివారం పొద్దున్న ఎండ వచ్చింది గానీ వేడి లేదు. ఉత్తరం ఆయన నాకు ఎర్ర జెండా ఇచ్చి సైగలు నేర్పాడు. పైకీ కిందకీ నెమ్మదిగా ఊపితే రావాలి. అడ్డంగా ఊపితే ఆగాలి. ఎవరైనా దేన్నైనా ఇష్టమొచ్చినట్టు విసురుగా ఊపితే అది కూడా ఆగమనే. ఆయన మనిషి ఒకడు వాళ్ల హద్దు పలక దగ్గర నిలబడి నా సైగని డ్రైవర్‌కి అందిస్తాడు.

"వంతెన గట్టిదేనా?" అన్నాను.

"దివాలా తీసేదాకా బళ్లు తిరిగాయి."

"అంటే గట్టిదే."

"నేనలా అనలేదు," అన్నాడు ఆయన. నా చేతిలో జెండా సరిచేస్తూ, "మధ్యలో నడవండి, పట్టా మీద కాలు పెట్టకండి," అన్నాడు. ఆ మాట ఆయన కంపెనీ తరఫున అనలేదని గొంతులో తెలిసింది.

మీలో ఎవరూ రైలుకి ముందు నడిచి ఉండరు. వెనక ఆ ఇనుము తోడేలులా రాదు. మన వెనకాల క్యూలో నిలబడ్డవాడిలా వస్తుంది, ఊపిరి తగిలేంత దగ్గరగా, తొందర లేకుండా. వంతెన మీద చెక్కకీ చెక్కకీ మధ్య వాగు కనిపిస్తోంది. చెక్కల మీద మంచు. మొక్కజొన్న బరువు వంతెన ఎక్కగానే కింద ఎక్కడో కర్ర మూలిగింది. ఆ మూలుగు మంచిదో చెడ్డదో తెలిసే చదువు నేను చదవలేదు. ఆపాలా? ఆపితే మళ్లీ కదులుతుందా? మిల్లు ఆవిడ అవతల ఒడ్డున పికప్ పక్కన నిలబడి ఉంది. ఆవిడ వెనక ఇంకా పికప్‌లు. నేను లెక్కపెట్టలేదు. చాలా ఉన్నాయి.

వంతెన సగం దాటాక నా కాలు జారింది. రెండు చేతులూ, జెండాతో సహా, గాలిలో గిరగిరా తిరిగాయి. వెల్లకిలా పడ్డాను. తల పక్కకి తిప్పి చూస్తే, వ్యాగన్ చక్రం బారెడు దూరంలో ఆగి ఉంది. ఆ రోజు నేనిచ్చిన సైగలన్నిట్లోకీ రూలు ప్రకారం సరిగ్గా ఇచ్చింది అదొక్కటేనని ఉత్తరం ఆయన తర్వాత అన్నాడు.

లేచి, జెండా పైకీ కిందకీ ఊపాను. బండి కదల్లేదు. మళ్లీ ఊపాను. దూరంగా ఇంజన్ రొద పెరిగింది, చక్రాలు మంచు పట్టాల మీద ఊరికే తిరుగుతున్న చప్పుడు. అంత బరువూ వంతెన మీదే ఉంది. కింద కర్ర మళ్లీ మూలిగింది. ఆ కొన్ని క్షణాల్లో నేను చేసిన ఆలోచనలు రాయను. రైళ్ల గురించి కావు. ఇంజన్‌వాళ్లు చక్రాలకి పట్టు దొరకడానికి పట్టాల మీద ఇసుక వదిలారు. వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ వరసంతా ఉలిక్కిపడి, నా వైపు రావడం మొదలుపెట్టింది. నేను వెనక్కి చూడకుండా నడిచాను. దక్షిణం హద్దు పలక దాటాక ఎవరో నన్ను పక్కకి లాగారు. లాగింది దక్షిణం ఆయన.  వ్యాగన్, ఆయన ఇంజన్‌కి తగులుకున్న చప్పుడు ఆ లోయంతా వినిపించింది.

ఉత్తరం ఆయన అవతల ఒడ్డున నిలబడి టోపీ తీశాడు. అది నాకు కాదు, దక్షిణం ఆయనకి. ఈయన కూడా తీశాడు. వాళ్లు నా ఎదుట మాట్లాడుకున్నది అంతే.

మంగళవారం మా కమిషన్ కూర్చుని ఆర్డర్ సరిచేసింది. చర్చ జరగలేదట. ఆ పావు మైలు దక్షిణం కంపెనీకి ఇచ్చారు. కొద్దికాలానికే చట్టమే మారింది. కిరాయిలు చాలావరకు కంపెనీలే పెట్టుకోవచ్చు, నష్టం లైన్లు త్వరగా వదిలించుకోవచ్చు అన్నారు. మా ఆఫీసులో ఒక్కో అంతస్తూ ఖాళీ అవుతూ వచ్చింది. దక్షిణం కంపెనీ ఆ లైను కొనుక్కుని, కొన్నేళ్లు నడిపి, ఎనభైల మధ్యలో పట్టాలు పీకేసింది. వాళ్ల లెక్కలు నా బల్ల మీదికే వచ్చాయి. తప్పు పట్టడానికేం లేదు. కంపెనీలు నిలదొక్కుకున్నాయి, దేశంలో రైళ్లు బాగుపడ్డాయి. కొన్ని ఊళ్లకి రైలు లేకుండా పోయింది. రెండూ నిజమే. ప్రభుత్వం చెయ్యి ఎంత పొడుగుండాలని ఎవరైనా అడిగితే, నేను ఇప్పటికీ సబ్జెక్ట్ మార్చేస్తాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం మిల్లులో మొక్కజొన్న దిగుతుంటే, మేనేజరు నాకు ఆఫీసులో కాఫీ ఇచ్చింది.  కిటికీలోంచి రైతుల పికప్‌లు వరసలో కదులుతూ కనిపిస్తున్నాయి. దాణా వేసుకున్న ప్రతివాడూ అటుగా వెళ్తూ నాకేసి చెయ్యి ఊపుతున్నాడు.

"కోత ఫ్యాక్టరీకి ఒక్కరు కూడా చెప్పలేదు," అంది. "నేను చెప్పొద్దన్నాను. ప్రభుత్వం మాటిచ్చిందన్నాను."

కప్పు బల్ల మీద పెట్టేశాను. 

"నిన్న షెడ్‌లో వస్తుందన్నావే," అంది ఆవిడ. "అప్పటికి నీకేమైనా తెలుసా?"

ఆవిడకి అబద్ధం చెప్పే ఓపిక నాకు మిగల్లేదు. "లేదు," అన్నాను. "ఏమీ తెలియదు."

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. లేచి వెళ్లి ఆఫీసు తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఈ మాట ఇక్కడ ఎవరితోనూ అనకు," అంది. "మళ్లీ ఇలాంటిదేదైనా వస్తే, ఆగమని నేను వాళ్లకి ఇంకోసారి చెప్పాలి, వాళ్లు నమ్మాలి."